పక్క దీవి జలపాతం

ప్రియమైన కత్తెరకి,

క్షేమంగా చేరాను. పడవలో పేగులు నోట్లోకి వచ్చాయని రాస్తే నువ్వు నవ్వుతావని ఆ సంగతి రాయడం లేదు. ఇక్కడ ఫోను పలకదు. కొండెక్కి చెయ్యి పైకెత్తి పట్టుకున్నా పలకదు. పడవ నడిపే సరంగు సంచిలో ఉత్తరం వేస్తే ఆయన తీసుకెళ్లి రేవులో తపాలా డబ్బాలో వేస్తాడు. పెళ్లయిన కొత్తలో మనం రాసుకోని ఉత్తరాలన్నీ ఇప్పుడు రాసుకోవాలన్నమాట.

ముందు జలపాతం గురించి చెప్పాలి. ఈ సముద్రంలో దూరదూరంగా మూడు దీవులున్నాయి. మూడింటికీ మూడు జలపాతాలు. పర్యాటకుల పడవ ఒక్కరోజులో మూడూ తిప్పుతుంది. నాది మధ్య దీవి. వానలు ఇంకా తగ్గలేదు కాబట్టి కొండ నెత్తిమీది చెరువు పొర్లి నీళ్లు నేరుగా సముద్రపు పాయలోకి దూకుతున్నాయి. పడవ దగ్గరికి రాగానే తుంపర్లకి అందరూ తడిసి ముద్దవుతారు. మన వీధి కుళాయి దగ్గర ఒక చుక్క మీద పడితే కొంగు బిగించే మనుషులే, ఇక్కడ టిక్కెట్టు కొనుక్కుని మరీ తడుస్తారు.

ఇంకో తమాషా ఉంది. కింద పడవలో ఎవరేమన్నా రాళ్లకి తగిలి నేనుండే పైచోటికి పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినిపిస్తుంది. మొన్న ఒకాయన, అన్ని నీళ్లు కళ్లముందు దూకుతుంటే, భార్యని 'ఇంట్లో గ్యాసు కట్టేశావా?' అనడిగాడు. పైన నేనొక్కణ్ణే నవ్వుకున్నాను.

ఉద్యోగం పేరు 'జలపాత నిర్వాహకుడు'. మెళ్లో వేసుకోడానికి కార్డు కూడా ఇచ్చారు. పని తేలికే, నీళ్లని కనిపెట్టుకుని ఉండటం. వివరంగా తర్వాత రాస్తాను. ఒక పెద్దమ్మ ఇంట్లో గది దొరికింది. ఎనభైకి దగ్గర పడ్డ ఒంటరి మనిషి, చేపల వలలు బాగుచేసి బతుకుతుంది. గుమ్మం ముందు కుళాయి ఉంది. కొండమీది చెరువు నుంచి ఊరంతటికీ అవే నీళ్లు.

మన బుల్లిదానికి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టు.

నీ
నీళ్లాయన

*

ప్రియమైన జలపాతంగారికి,

ఇక నుంచి ఇదే మీ పేరు. 'నీళ్లాయన' అని ఇంకోసారి సంతకం పెడితే ఉత్తరం తిప్పి పంపేస్తాను.

ఆ పేరుతో నేనెంత పడ్డానో మీకు తెలీదు. ఇన్నేళ్లూ వీధి వాల్వులు తిప్పి నీళ్లు వదిలారు మీరు. తిట్లు మాత్రం నాకొచ్చేవి. నీళ్లు ఆలస్యమైతే చాలు, ఖాళీ బకెట్లు పట్టుకుని మన గుమ్మం ముందుకొచ్చి 'మీ ఆయన లేచాడా, లేదా?' అనేవారు. తర్వాత వాల్వులన్నీ ఆఫీసులో మీట నొక్కితే తిరిగేలా పెట్టి మిమ్మల్ని ఇంటికి పంపేశారు. మీరు కిటికీ దగ్గర కూర్చుని వీధి కుళాయి వంక చూస్తుంటే నేను చూడలేకపోయేదాన్ని. పైకి మాత్రం 'ఆ కిటికీ ఏమైనా సినిమానా?' అని కసిరేదాన్ని. ఏం చెయ్యను, నా నోరు అలాంటిది.

ఇప్పుడు చూడండి నా దర్జా. మా కుట్టు షాపులో అందరికీ చెప్పేశాను. బడి పిల్లల యూనిఫారాల గుడ్డ పొరలు పొరలుగా బల్ల మీద పరిచి, కత్తిరిస్తూ కత్తిరిస్తూ, 'మా ఆయన ఒక జలపాతం మొత్తాన్ని చూసుకుంటున్నారు' అన్నాను. మా సూపర్‌వైజరు కళ్లజోడమ్మ సంగతి తెలుసుగా, 'మీ ఆయనకి ఇంకా పని దొరకలేదా?' అని రోజూ పలకరింపుగా అడిగే మహాతల్లి. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని నన్ను చూసింది. జన్మ ధన్యమైంది.

అసలు కబురు ఇంకా ఉంది. బడులకి యూనిఫారాలు ఇచ్చేశాక, ఎండాకాలం చివర మా షాపు వాళ్లందరం ఒకరోజు ఎక్కడికైనా వెళ్తాం కదా. ఈసారి దీవుల జలపాతాలకే అని తేల్చేశారు. నా వల్లే. మేమొచ్చేసరికి మీరు కార్డు మెళ్లో వేసుకుని గట్టున నిలబడాలి. ఆ నీలం చొక్కా వేసుకోండి, మడతపెట్టి ఈ ఉత్తరంతో పంపాను.

మీ
కత్తెర

*

ప్రియమైన కత్తెరకి,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. చొక్కా అందింది.

మీ షాపు వాళ్లని ఎండాకాలంలో రావద్దని చెప్పు. అప్పుడు సముద్రం మంచిది కాదు. ఎండకి రాళ్లు కాలిపోతాయి, నాచుంటే జారతాయి. వానాకాలంలో రండి, కావలసినంత చూడొచ్చు. ఎండల్లో ఇంత దూరం ఎందుకు చెప్పు, బుల్లిదానికి వడదెబ్బ తగులుతుంది.

ఇక్కడ వానలు ఆగి చాలా కాలమైంది. పెద్దమ్మకి కుళాయి సరిగ్గా రావడం లేదు. బిందె పట్టుకుని ఊట దగ్గరికి వెళ్లొస్తోంది. నేను మోస్తానంటే వినదు. పాపం పొద్దున్నే నా గది ముందు ఒక చెంబుడు నీళ్లు మూతపెట్టి ఉంచుతుంది. నాకు కూడా ఆవిడే నీళ్లు తేవడమేమిటో, తలెత్తి చూడలేకపోతున్నాను.

పనిలో ఉన్నాను. మళ్లీ రాస్తాను.

నీ వాడు

*

ప్రియమైన మీకు,

'నీ వాడు' ఏమిటండీ, ఎవరో పరాయివాళ్లు రాసినట్టు!

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. మండే ఎండల్లో రాళ్లమీద నాచు ఎక్కణ్ణుంచొచ్చింది? పదేళ్లు కాపురం చేశాను, మీ అబద్ధానికి కుట్లు ఎక్కడ వదులుగా పడతాయో నాకు తెలీదా? ఉత్తరం నిండా పెద్దమ్మ, పెద్దమ్మ. ఆవిడకి ఎనభై అని ముందే రాశారు కాబట్టి సరిపోయింది.

కళ్లజోడమ్మ పడవ కంపెనీ వాళ్ల రంగు కాయితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో మీ జలపాతం ఫొటో, కింద 'ఏడాది పొడవునా దూకే నీళ్లు' అని ఇంతేసి అక్షరాలు. 'మరి మీ ఆయన రావద్దంటున్నాడేం?' అని అడిగింది. ఏం చెప్పను? 'మా మీద బెంగతో' అన్నాను. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

మేమొస్తే మీకు చిన్నతనంగా ఉంటుందా? ఇప్పుడు పెద్ద ఉద్యోగం కదా, గుడ్డపీలికలు అంటుకున్న చీరలతో ఇంతమంది ఆడవాళ్లం దిగి 'ఏమండీ' అని అరిస్తే బాగుండదేమో. అదే అయితే నేరుగా చెప్పేయండి. నేను రావట్లేదు. వాళ్లు వాళ్ల దారిన వెళ్తారు.

బుల్లిది మీకో బొమ్మ వేసింది, ఇందులో పెట్టాను. జలపాతం పక్కన ఉన్న పొడుగాటి మనిషి మీరేనట.

మీ
కత్తెర

*

ప్రియమైన కత్తెరకి,

బుల్లిదాని బొమ్మ గోడకి అంటించాను. మూడు రోజులు చూశాక తీసి పెట్టెలో పెట్టేశాను. ఆ పొడుగాటి మనిషి నన్ను చూస్తున్నట్టుంది. నువ్వనుకున్న చిన్నతనం కాదే ఇది. నా సిగ్గు వేరు. ఈ ఉత్తరంలో అంతా రాసేస్తాను.

నేను జలపాతాన్ని చూసుకోవడం లేదు. వానాకాలంలో అది తనంతట తనే దూకుతుంది, నేనెవర్ని చూసుకోడానికి? నాకు పని మొదలయ్యేది వానలు ఆగాకే. చెరువు పొర్లదు, జలపాతం ఎండిపోతుంది. కంపెనీ వాళ్లేమో ఏడాది పొడవునా అని రాసుకున్నారు. అందుకని మూడు దీవుల్లోనూ చెరువుకి అడుగున ఒక తూము పెట్టి, దానికో చక్రం బిగించి, పైన రాళ్ల రంగు వేసిన చిన్న గది కట్టారు. నేను ఆ గదిలో ఉంటాను. పడవ మలుపు తిరిగి కూత పెట్టగానే చక్రం తిప్పుతాను. నీళ్లు దూకుతాయి. కింద అందరూ కేరింతలు కొడతారు, ఫొటోలు తీసుకుంటారు. వెళ్తూ పడవ మళ్లీ కూత పెడుతుంది. నేను మూసేస్తాను. నువ్వు ఇంతమందికి చెప్పుకున్న ఉద్యోగం ఇదీ. అదే చక్రం, అదే నీళ్లాయన. మొదట్లో సిగ్గుపడింది దీనికే, నిన్ను మోసం చేశానని. ఆ సిగ్గు ఎంత చిన్నదో తర్వాత తెలిసింది.

ఊరి కుళాయిల పైపు మూతి చెరువులో కాస్త పైన ఉంది. అడుగు ఊటలతో రాత్రి కాస్త నిండుతుంది కానీ, నేను తూము తిప్పిన ప్రతిసారీ చెరువు దిగుతుంది. మూతి కన్నా కిందికి దిగిందంటే ఊళ్లో ఒక్క కుళాయి కూడా రాదు. ఇది నాకు తిప్పడం మొదలుపెట్టిన వారంలోనే అర్థమైంది. నీళ్ల పనిలో తల నెరిసినవాణ్ణి, అర్థం కాకపోతుందా? తెలిసే తిప్పాను. మళ్లీ కిటికీ దగ్గర కూర్చోవాల్సి వస్తుందన్న భయంతో తిప్పాను.

ఒకరోజు పెద్దమ్మ పిలిచింది. 'నాయనా, నువ్వు నీళ్ల పని చేసినోడివంట కదా, ఈ కుళాయి ఎందుకు రావట్లేదో కాస్త చూసి పెడతావా?' అంది. అంతకుముందే చెరువు దించి వచ్చిన చేతులతో కుళాయి విప్పాను. లోపల గుడ్డతో తుడిచాను, ఊదాను, రెంచీతో మళ్లీ బిగించాను. గోరంత తుప్పు అరచేతిలో వేసి చూపించి 'ఇదిగో పెద్దమ్మా, ఇదీ అడ్డం' అన్నాను. ఆవిడ నా చేతిలోకి చాలాసేపు చూసి 'చల్లగా ఉండు నాయనా' అంది. ఆ మాటకి నా ప్రాణం చచ్చిపోయింది.

నిన్న సాయంత్రం ఆవిడ నా గుమ్మంలోకి వచ్చి ఒక చిన్న సీసా ఇచ్చింది. నూనె. 'ఆ చక్రానికి కాస్త పెట్టుకో నాయనా. కీచుమంటా ఉంటది, మా పెరట్లోకి వినపడతది. అంత గట్టిగా తిరిగితే నీ చేతులు నొప్పెడతాయి' అంది.

'తెలిసే కుళాయి చూడమన్నావా పెద్దమ్మా?' అనడిగాను. 'నువ్వేం చెప్తావో చూద్దామని' అంది. ఆ గొంతులో కోపం లేదు. అంతకన్నా ఆవిడ చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

ఇవాళ పడవ కూత పెట్టింది. నేను తిప్పలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ మళ్లీ పెట్టింది. చక్రం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. కింద మొదట నవ్వుకున్నారు, తర్వాత గొణుక్కున్నారు, ఆపైన అరిచారు. అందరికన్నా గట్టిగా ఒక ఆవిడ 'ఇది జలపాతమా, ఎండిన గోడా? పైనెవరైనా చచ్చారా, బతికున్నారా?' అంది. అచ్చం నీ గొంతులాగే ఉంది. ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాడికి ప్రతి గొంతూ ఇంటిదిలాగే వినిపిస్తుంది కాబోలు.

పడవ మూడో దీవి చూసుకుని తిరుగుదారిలో మా రేవుకి వస్తుంది. అప్పుడు ఈ ఉత్తరం సరంగు సంచిలో వేస్తాను. ఉద్యోగం ఉంటుందని అనుకోను. నీ దగ్గర నాకు మిగిలి ఉన్న కాస్త పరువూ ఉంటుందో ఉండదో నువ్వే చెప్పాలి.

నీళ్లాయన

*

ప్రియమైన మీకు,

ఎలా మొదలుపెట్టాలో తెలీక నాలుగు కాయితాలు చింపాను. ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను.

ఆ గొంతు నాదే.

రానని రాశాను కానీ వచ్చాను. మీరు రావద్దన్న కొద్దీ అనుమానం పెరిగింది. బుల్లిదాన్ని మా అక్క దగ్గర వదిలి, చెప్పాపెట్టకుండా ఎదురుగా దిగి మీ మొహం చూద్దామనుకున్నాను. మొదటి దీవిలో నీళ్లు దూకుతుంటే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను. 'ఇదే ఇలా ఉంటే మా ఆయనది ఇంకెలా ఉంటుందో చూడండి' అన్నాను. తర్వాత మీ దీవి వచ్చింది. సరంగు కూత పెట్టాడు. ఎదురుగా ఎండిన బండ. నాకు నిజంగా ఏమీ అర్థం కాలేదు. కళ్లజోడమ్మ నా వైపు తిరిగి 'ఏదమ్మా మీ ఆయన జలపాతం?' అంది. పడవ మొత్తం గొల్లుమంది.

అప్పుడు నేనన్న మాట ఇదీ. 'మా ఆయన జలపాతం ఇది కాదు, పక్క దీవిది' అన్నాను. మూడే మూడు క్షణాల్లో మిమ్మల్ని తీసుకెళ్లి పక్క దీవిలో పడేశాను. అబద్ధమని ఎవరైనా పసిగడతారేమోనని, వాళ్లందరికన్నా ముందు నేనే లేచి నిలబడి మీ మీద అరిచాను. మీరు పైనున్నారని తెలిసే అరిచాను. నా పరువు కాపాడుకోడానికి మీ పరువు తీశాను.

గట్టు మీద ఒక ముసలావిడ, పక్కన ఖాళీ బిందె పెట్టుకుని వల కుడుతోంది. మా అరుపులకి ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ వలలోకి దించుకుంది. ఆవిడేనా?

మూడో దీవిలో నీళ్లున్నాయి. అందరూ మీకోసం వెతికారు. 'ఇవాళ సెలవులో ఉన్నారు' అన్నాను. ఒక అబద్ధానికి అతుకు వెయ్యబోతే ఇంకో చోట చిరుగుతుంది, గుడ్డతో బతికేదాన్ని నాకు తెలీదా?

ఇంకా ఉంది. తిరిగొచ్చేటప్పుడు పడవలోనే కళ్లజోడమ్మ కంపెనీకి ఫిర్యాదు రాసింది. మధ్య దీవి మనిషిని పనిలోంచి తీసెయ్యాలని. 'నువ్వే కదా బాగా అరిచింది, నువ్వు ముందు పెట్టు' అని కలం నా చేతికిచ్చింది. పెట్టాను. మొదటి సంతకం నాదే. ఆ కాయితం సరంగు సంచిలో వేశారు. మీ రేవులో ఎవరో కుర్రాడు వచ్చి ఒక కవరు అదే సంచిలో వేసి వెళ్లాడు. అది మీ ఉత్తరమని నాకేం తెలుసు? మీరు నాకు రాసిందీ, నేను మీ మీద పెట్టిందీ ఒకదాన్నొకటి ఆనుకుని రేవుదాకా వచ్చాయి.

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పంపు కట్టేయడం మర్చిపోయాను, బకెట్టు నిండి పొర్లిపోతోంది. పరుగెత్తి కట్టేసి అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

మర్నాడు షాపులో గుడ్డ పరిచాను కానీ కత్తెర పట్టలేదు. అందరూ వినేలా చెప్పాను. 'ఆ రోజు నీళ్లు వదలని మనిషే మా ఆయన. ఎందుకు వదల్లేదో వినండి' అని మీ ఉత్తరం చదివాను. నూనె సీసా దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోతే, మిగతాది కళ్లజోడమ్మ తీసుకుని చదివింది. చదివాక ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది. 'ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని రాద్దామా?' అంది. రాశాం. ఈసారి ఎవరూ చెప్పకుండానే నేను ముందు పెట్టాను. అది అందేసరికి ఆలస్యమైపోయి ఉంటుందని తెలుసు.

పరువు గురించి అడిగారు. మీ దగ్గర నాకు మిగిలిందా అని నేను అడగాల్సిన ప్రశ్న అది.

ఇంతకీ పెద్దమ్మ కుళాయిలో నీళ్లు వచ్చాయా? అది మీరు రాయనే లేదు.

మీ
కత్తెర

*

ప్రియమైన కత్తెరకి,

వచ్చాయి. మర్నాడు పొద్దున్నే వచ్చాయి. ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. పెద్దమ్మ నన్ను పిలిచి 'తుప్పు పోయినట్టుంది నాయనా' అంది. నవ్విందో, నవ్వలేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు నా వంతు. నీ గొంతులాగే ఉందని రాశాను చూడు, అది అబద్ధం. నీదేనని తెలుసు. పదేళ్లుగా నన్ను నిద్రలేపుతున్న గొంతు, గుర్తుపట్టలేనా? నువ్వు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదని, నీకు దారి వదిలి అలా రాశాను. అందుకే రేవుకి నేను రాకుండా ఆ కుర్రాడితో ఉత్తరం పంపాను. 'పక్క దీవిది' అన్నావే, అదీ వినిపించింది. మీ వాళ్లు గొల్లుమనడం కూడా. ముందే చెప్పాను కదా, ఇక్కడ అన్నీ వినిపిస్తాయి.

తిప్పలేదని రాశాను కానీ, నా చెయ్యి చక్రం మీదికి వెళ్లింది. పావు చుట్టు తిప్పాను కూడా. ఇంకాస్త తిప్పితే నువ్వు అందరిలో తలెత్తుకుని నిలబడతావు. నీ మొహం ఎలా వెలిగిపోతుందో తెలుసు నాకు. తెలిసే, నీళ్లు అంచుదాకా రాకముందే మళ్లీ మూసేశాను. నిన్ను నవ్వులపాలు చేసి పైన కూర్చున్నాను. నువ్వు నన్ను పక్క దీవిలో పడేస్తే, నేను నిన్ను నడిసముద్రంలో వదిలేశాను. కాబట్టి క్షమించమని నువ్వు అడగకు. అడిగితే నేనూ అడగాలి, ఇద్దరం అడుగుతూ కూర్చుంటే వంట ఎవరు చేస్తారు?

మేనేజరు వచ్చాడు. ఫిర్యాదు కాయితం నా ముందు పెట్టాడు. మొదటి సంతకం చూడగానే గుర్తుపట్టాను, చివర గుడ్డ కత్తిరించినట్టు గీత లాగుతావు కదా. 'ఈవిడెవరో మహా గట్టి మనిషిలా ఉంది' అన్నాడు. 'అవునండీ, మా ఆవిడ' అన్నాను. పాపం, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మీరు వెనక్కి తీసుకుంటూ రాసిన ఉత్తరం అప్పటికి రాలేదులే. వచ్చినా పని ఉండేది కాదు. కార్డు తీసుకున్నాడు. మళ్లీ కిటికీ దగ్గర కూర్చోవాలేమోనన్న భయం ఇంకా ఉంది, లేదని నీతో అనను.

కొత్త మనిషిని పెడతామని మేనేజరు తూము దగ్గరికి వెళ్తే అక్కడ చక్రం లేదు. నేను విప్పి ఊరివాళ్లకి అప్పజెప్పాను. ఊరంతా వెతికి వెతికి చెమటలు కక్కుతూ పెద్దమ్మ ఇంటికొచ్చి మంచినీళ్లడిగాడు. ఆవిడ బిందెలోంచి ముంచి ఇచ్చింది. చల్లగా ఉన్నాయని మెచ్చుకుని మరీ తాగాడు. ఆ బిందె కింద కుదురుగా పెట్టిన గుండ్రటి ఇనుము ఏమిటో మాత్రం చూడలేదు.

వచ్చే పడవకి బయల్దేరుతున్నాను. నీలం చొక్కా వేసుకుని వస్తాను. వానలు పడ్డాక మనిద్దరం బుల్లిదాన్ని తీసుకుని మళ్లీ వద్దాం. అప్పుడు ఎవరూ ఏదీ తిప్పక్కర్లేదు. పెద్దమ్మకి నిన్ను చూపించాలి, ఆ రోజు గట్టు మీదున్నది ఆవిడే.

నీ
పక్క దీవి జలపాతం